నీ ఇష్టం

“ఇందులో ఉన్న ప్రమాదాలన్నీ తెలిసి, నా ఇష్టపూర్వకంగా ఈ యాత్రలో పాల్గొంటున్నాను. గాయమైనా, ప్రాణనష్టమైనా నిర్వాహకుల బాధ్యత ఉండదు.”

అండమాన్ దీవుల్లో కయాక్ యాత్రకి డబ్బు కట్టాక మాకు పంపిన కాగితం సారాంశం ఇది. కయాక్ అంటే ఒకరో ఇద్దరో పట్టే సన్నటి పడవ. కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో ఎవరిది వాళ్ళు నడుపుకోవాలి. గైడు పక్కనే ఇంకో పడవలో వస్తాడు. పగలు దీవుల అంచునా, మడ అడవుల మధ్యా తెడ్డు వేయడం, రాత్రి అనుమతి ఉన్న ఒడ్డున గుడారంలో పడుకోవడం. మొత్తం నాలుగు రోజులు. వెళ్ళింది ఏడుగురం ఆడవాళ్ళం: సూర్యాపేట నుంచి ముగ్గురం, కోదాడ నుంచి ఇద్దరు, మిర్యాలగూడ నుంచి ఇద్దరు. టీచర్లున్నారు, ఒక నర్సు ఉంది, రైస్ మిల్లులో లెక్కలు రాసే ఆమె ఉంది. అందరికంటే పెద్దామెకి యాభై ఎనిమిదేళ్ళు. ఈత వచ్చింది మాత్రం ఒక్కరికే.

కాగితం ఇంగ్లీషులో ఉంది కాబట్టి దాన్ని చదివి తెలుగులో చెప్పడం నా పనయింది. విని మిర్యాలగూడ అక్క నవ్వింది. “నా ఇష్టపూర్వకంగా అని నేను సంతకం పెడుతున్న మొదటి కాగితం ఇదేనేమోనే” అంది. మేమంతా నవ్వాం. కానీ ఆ మాటలో నవ్వుకోవడానికి ఏముందో నాకిప్పటికీ తెలీదు. ఆమె బతుకులో సంతకాలకేం కొదవలేదు. భర్త తీసుకున్న అప్పుకి జామీను సంతకం, తన పేరున ఉన్న ప్లాటు అమ్మినప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం, కూతురి పెళ్ళికి పి.ఎఫ్. తీసుకున్నప్పుడు సంతకం... వాటిల్లో ఏ ఒక్కచోటా “నీకిష్టమేనా” అని అడిగినవాళ్ళు లేరు. చివరికి అడిగిన ఒక్క కాగితమూ ఏమంటోంది? నీకిష్టమే కాబట్టి నువ్వు చచ్చిపోతే మాకు సంబంధం లేదంటోంది.

ఈ వ్యాసంలో నేను ఆలోచించాలనుకున్నది దీని గురించే. స్త్రీ ఇష్టానికి మన సమాజంలో గుర్తింపు దొరికే సందర్భం ఏది? ఎదుటివాళ్ళు బాధ్యత దించుకోవాలనుకున్నప్పుడేనా?

ఇంట్లో మనం రోజూ వినే మాట ఒకటుంది: “నీ ఇష్టం”. నిఘంటువు ప్రకారం చూస్తే అంత ప్రజాస్వామికమైన మాట మరొకటి ఉండదు. కానీ అది ఎలా పలుకుతారో మనకి తెలుసు. కోదాడ నుంచి వచ్చిన టీచరు తన ఇంట్లో ఈ యాత్ర సంగతి చెప్పినప్పుడు భర్త పేపర్లోంచి తల ఎత్తకుండా “నీ ఇష్టం. రేపేమన్నయితే నన్ననకు” అన్నాడట. తల్లి ఫోన్లో “నీ ఇష్టం తల్లీ, ఇంక మేం చెప్పేదేముంది” అందట. ఇద్దరూ వద్దనలేదు. ఒప్పుకోనూ లేదు. జరగబోయేదాని బరువంతా ముందే ఆమె నెత్తిన పెట్టి పక్కకి జరిగారు. కంపెనీవాళ్ళ కాగితం కొత్తదేం కాదనిపించింది నాకు. మన వంటింట్లోంచి వెళ్ళిన మాటే అచ్చయి తిరిగొచ్చింది, అంతే.

బరువు ఎవరి నెత్తినన్నది ఒక సంగతయితే, అసలు ఆ ఇష్టాన్ని అడగడమనేది ఇంకో సంగతి. ఆసుపత్రి దగ్గర ఇది బాగా తెలుస్తుంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన, మతిస్థిమితం ఉన్న స్త్రీ తన సమ్మతి తనే ఇస్తే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. అయినా “ఆయన్ని పిలుచుకు రా అమ్మా” అనే మాట ఎంతమంది వినలేదు? మాతో వచ్చిన నర్సు, తన ఉద్యోగంలో సగం భర్తల్ని వెతకడంతోనే సరిపోయిందంది. ఢిల్లీలో ఒక స్త్రీ రక్తస్రావానికి కారణం తెలుసుకునే పరీక్షకి మాత్రమే ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచీ, అండాశయాలూ తీసేసింది. ఆ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పరీక్షకి ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కి సమ్మతి కాదు. తెలివిలోకి రాగల వయోజనురాలికి బదులు ఇంకొకరు, కన్నతల్లయినా, సమ్మతి ఇవ్వడం చెల్లదు. ఆ డాక్టరూ స్త్రీయే, తల్లీ స్త్రీయే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో సమ్మతి గురించి చిన్న నిర్వచనం ఉంది. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. చదవడానికి తేలికే. మరి నీళ్ళలో ప్రమాదం అన్నమాట మాకూ ఆ కాగితం రాసినవాళ్ళకీ ఒకే అర్థంలో ఎలా తెలుస్తుంది?

మా మూడు ఊళ్ళ సంగతి తీసుకోండి. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద బతికే నేలలు. లాల్ బహదూర్ కాలువ అని దాని పేరు. వరి, రైస్ మిల్లులు, ఆ డబ్బుతో లేచిన మేడలు, అన్నీ ఆ నీళ్ళ చలవే. కాలువలో నీళ్ళు వదిలారంటే మగపిల్లలు వంతెన మీంచి దూకేవాళ్ళు. అంతకుముందు తరంలో నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావుల్లో ఈత నేర్పేవాళ్ళు, వాళ్ళకే. ఆడపిల్లకి నీళ్ళతో ఉన్న సంబంధం బిందెతోనూ బట్టలతోనూ. నీళ్ళ ఒడ్డున ఇన్నేళ్ళుండి నీళ్ళలోకి దిగనివాళ్ళం మేం. (మా కథల్లో, సినిమాల్లో ఆడది నూతిలోకో ఏట్లోకో దిగిందంటే చావడానికే. దీని గురించి ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును.) ఇలా పెంచి, నలభై ఏళ్ళొచ్చాక “ప్రమాదాలన్నీ తెలిసి” అని రాయించుకుంటే ఆ తెలియడం ఎక్కడినుంచి వస్తుంది?

వచ్చింది, నిజానికి. కాగితంలోంచి మాత్రం రాలేదు. మొదటి రోజు పొద్దున స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 చివరిదాకా హేవ్‌లాక్ అన్న దీవిలో, నడుము లోతు నీళ్ళలో గైడు మా ఒక్కొక్కళ్ళ పడవనీ కావాలనే బోల్తా కొట్టించాడు. తలకిందులై, ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి, కాళ్ళు బయటికి లాక్కుని పైకి తేలడం. లైఫ్ జాకెట్ మనిషిని నిజంగా తేలుస్తుందని ఒళ్ళు నమ్మేదాకా మూడేసి సార్లు. ఆటుపోట్ల లెక్క చెప్పాడు. పాటు సమయంలో మడ అడవుల పాయల్లో నీళ్ళు తగ్గి పడవ బురదలో కూరుకుంటుంది కాబట్టి ఏ గంటకి లోపలికి వెళ్ళి ఏ గంటకి బయటపడాలో చెప్పాడు. ఉప్పునీటి మొసళ్ళుంటాయని, ఏయే చోట్ల నీళ్ళలో చెయ్యి పెట్టకూడదో చెప్పాడు. 2010లో ఆ దీవి దగ్గరే ఒక అమెరికన్ యువతిని మొసలి చంపిన సంగతి కూడా దాచలేదు. అంతా అయ్యాక “ఇప్పుడు చెప్పండి, ఎవరెవరు వస్తున్నారు?” అని అడిగాడు.

సూర్యాపేట నుంచి వచ్చిన ఒకామె నేను రానంది. డబ్బంతా కట్టి, అంతదూరం వచ్చి, బోల్తా పరీక్ష నెగ్గి కూడా రానంది. గైడు సరేనన్నాడు. ఒడ్డు వెంట గుడారాలు తీసుకెళ్ళే మోటారు పడవలో ఆమెకి చోటుందని, రేపు మనసు మారితే కయాక్ కూడా ఉంటుందని చెప్పాడు. ఎక్కడా “నీ ఇష్టం” ధ్వని లేదు. మూడో రోజు ఆమె ఇద్దరు నడిపే పడవలో ఎక్కింది కూడా. ఎక్కకపోయినా నా వాదన మారదు. మేం సంతకం పెట్టిన రోజు మా దగ్గర సమ్మతి లేదు, కుతూహలం ఉంది. సమ్మతి ఏదైనా ఉంటే అది ఆ పూట నీళ్ళలో నిలబడి, కాదనడానికి దారి తెరిచి ఉండగా పుట్టింది.

గైడు వెంట ఉంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుందని నా మిత్రురాలొకామె తర్వాత అడిగింది. ఒకరి పహరాలో తిరగడం మనకి అలవాటే కదా అని ఆమె ఎత్తిపొడుపు. నేనిది ఒప్పుకోను. ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా వెళ్ళిందే అసలైన యాత్ర అన్నది మగ ప్రయాణికులు తమ గురించి తాము కట్టుకున్న కథ. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి పల్లకీని మోసిన బోయీలున్నారు. ఆయన వాళ్ళని మరుగుపరచలేదు, అది ఆయన గొప్పదనం. తర్వాతి యాత్రికులు చాలామంది మోసినవాళ్ళనీ వండిపెట్టినవాళ్ళనీ పుస్తకంలోంచి దించేశారు. ఆధారపడటంలో అవమానం లేదు. ఆధారమైనవాళ్ళు ఏ షరతుల మీద ఉన్నారన్నది చూడాలి.

మా వెంట గుడారాలూ వంట సామానూ మోసిన కుర్రాడు తెలుగువాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపలవేటకి వెళ్ళి అక్కడే ఉండిపోయాడట. పోర్ట్ బ్లెయిర్‌లో, 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చిన ఆ ఊళ్ళో, అలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ కుర్రాడు మాకంటే బాగా తెడ్డు వేస్తాడు, అలని చూసి గాలి చెప్తాడు. నువ్వేమైనా కాగితం మీద సంతకం పెట్టావా అనడిగితే “నాకెందుకండీ, నేను పనివాణ్ణి కదా” అన్నాడు. అదే నీటి మీద, అదే గాలిలో మాది సాహసం, అతనిది కూలి. వాళ్ళమ్మ చేపల గంప ఎత్తుకుని మార్కెట్‌కి వెళ్తుందట. ఆమె పడవెక్కి మొగుడు రాని రాత్రులు ఒడ్డున కూర్చున్న లెక్క ఏ కాగితంలోనూ లేదు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర పడవ మునిగింది. 77 మంది ఎక్కితే 26 మందే బతికారు. వాళ్ళందరూ ఇష్టపడే ఎక్కారు, టిక్కెట్టు కొనుక్కుని. నది వరదలో ఉందని కళ్ళకి కనిపిస్తూనే ఉంది. కానీ ఆ వరద అంటే ఏమిటో, ఆ మలుపు దగ్గర సుడి ఎలా ఉంటుందో చెప్పి, దిగిపోతారా అని అడిగినవాళ్ళు లేకపోతే ఆ ఇష్టాన్ని ఏమనాలి? బతికిన వాళ్ళని ఒడ్డు గ్రామాల మనుషులు తమ పడవల్లో వెళ్ళి లాగారు. వాళ్ళకి ఎవరితోనూ ఒప్పందం లేదు.

ఇంతవరకూ అడగాల్సినవాళ్ళలో మమ్మల్నే లెక్కపెట్టుకుంటూ వచ్చాను. మా ప్యాకేజీలో చివరి రోజు బారాటాంగ్ సున్నపురాతి గుహలున్నాయి. అక్కడికి రోడ్డు మీద వెళ్తే జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతంలోంచి, పోలీసు కాన్వాయ్ వెంట వెళ్ళాలి. 1956 నాటి నిబంధనల ప్రకారం అది వాళ్ళ కోసం కేటాయించిన అడవి. ఆ రోడ్డు పక్కన జారవా స్త్రీలని తిండి ఆశచూపి నాట్యం చేయించిన వీడియో 2012 జనవరిలో బ్రిటన్ పత్రిక ఒకటి బయటపెట్టింది. మర్నాటి ఏడాది సుప్రీంకోర్టు కొన్ని వారాలు యాత్రికుల్ని ఆపింది, తర్వాత మళ్ళీ వదిలారు. నేను ఆ రోడ్డు మీద రానన్నాను. నాతో ఇంకో ఇద్దరు ఆగారు.

ఆ రాత్రి గుడారంలో పెద్ద గొడవే అయింది. రైస్ మిల్లు ఆమె కోపంగా అంది: “నలభై ఆరేండ్లకు ఒక్కసారి ఇల్లు దాటిన. ఇంట్ల మొగుడికి లెక్క చెప్పొచ్చిన, అత్తకు చెప్పొచ్చిన. ఇక్కడ నీకు గూడ చెప్పాల్నా? మగోళ్ళు లారీల్ల పోయి చూసొస్తరు, వాళ్ళనడుగు పో.” ఆమె మాట కొట్టిపారేసేది కాదు. ఆడవాళ్ళు సరదాపడ్డ ప్రతిసారీ ఎవరికో ఏదో అన్యాయం జరుగుతోందని గుర్తుచేసే గొంతు ఒకటి తయారుగా ఉంటుంది. అది సాధారణంగా ఇంటి పెద్దల గొంతు. స్త్రీవాదం చదువుకున్న నా గొంతు కూడా ఆమెకి అలాగే వినపడి ఉంటుంది. ఆమెకి నేను చెప్పింది ఇంతే: నీ సరదా తప్పని అనడం లేదు. మనని అడగకుండా మన గురించి ఒప్పేసుకున్న వాళ్ళ మీద కోపంతోనే కదా ఇంత దూరం వచ్చాం, ఆ అడవిలో ఆడవాళ్ళని కూడా ఎవరూ అడగలేదు.

“వాళ్ళనెట్ల అడుగుతరు? వాళ్ళ భాష ఎవరికొస్తది?” అందామె.

అడగలేనప్పుడు వెళ్ళకుండా ఉండొచ్చు కదా అన్నాను. “గట్లయితే సాగరు గూడ కట్టకుండ ఉండాల్సింది” అని అటు తిరిగి పడుకుంది.

మాటకి మాటగా అన్నదే అయినా నాకది తగిలింది. మిర్యాలగూడకి దగ్గర్లోనే, ఆ డ్యాం వెనక నీళ్ళ కింద, ఇక్ష్వాకుల విజయపురి ఉంది. అక్కడ మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చానని చాంతిసిరి, చైత్యగృహం కట్టించానని ఉపాసిక బోధిసిరి తమ పేర్లతో రాతి మీద రాయించుకున్నారు. తెలుగునేలలో ఒక స్త్రీ ఇష్టపూర్వకంగా చేసిన పనికి మిగిలిన పాత దాఖలాల్లో అవీ ఉన్నాయి. 1955లో డ్యాంకి పునాదిరాయి వేశారు. లోయలో తవ్వకాలు చేసి శిల్పాల్ని కొండ మీదికి చేర్చారు. 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. లోయలోని ఊళ్ళని లేపినప్పుడు నష్టపరిహారం పట్టా ఎవరి పేరునుంటే వాళ్ళకి వెళ్ళింది, పట్టాలు ఎవరి పేరున ఉండేవో చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళతో పండిన బియ్యం లెక్కలే ఆమె రోజూ రాస్తుంది. ఆ బియ్యమే నేను తిని చదువుకున్నాను.

మర్నాడు నలుగురు బారాటాంగ్ వెళ్ళారు, ముగ్గురం ఆగిపోయాం. గుహలు బాగున్నాయని చెప్పింది. రోడ్డు గురించి నేనడగలేదు, తనే అంది: కాన్వాయ్‌లో ముందు బండివాళ్ళు అద్దాలకి మొహాలు ఆనించి చూస్తూనే ఉన్నారని, తను మాత్రం ఆ గంటన్నరా కళ్ళు మూసుకుని కూర్చుందని.