శిగానికి కొలబద్ద

పాలంపేట రామప్ప గుడికి వచ్చేవాళ్ల చూపు ముందు పైకే పోతుంది. మంటపం అంచున ఒంపులు తిరిగి నిలబడ్డ నల్లరాతి మదనికలకు ఫొటోలు తీసుకున్నాక, నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడు చెప్పేది విని, చాలామంది చెరువు వైపు వెళ్లిపోతారు. లోపల, రంగమంటపం నడుమ స్తంభాల మీద కాస్త కిందుగా చెక్కిన బొమ్మల్ని ఓపిగ్గా చూసేవాళ్లు తక్కువ. అక్కడ నర్తకులున్నారు, మద్దెలగాళ్లున్నారు. మోకాళ్లు వంచి, నడుము విరిచి, ఒకే తాళానికి కట్టుబడినట్టు వరుసగా నిలిచారు. ఒక్కడు ఆడుతున్నట్టు ఉండదు, ఒక గుంపు ఊగుతున్నట్టు ఉంటుంది.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడిని 1213లో కట్టించాడు. అదే రాజు దగ్గర ఏనుగుల దళాన్ని నడిపిన జాయప 1253–54 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఒకే కొలువులో ఒక సేనాని నాట్యాన్ని రాతికెక్కిస్తే, ఇంకొక సేనాని గ్రంథానికెక్కించాడు. ఏడు వందల ఏళ్ల తర్వాత నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ ఈ బొమ్మల్నీ దగ్గర పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని మళ్లీ రంగం మీదికి తెచ్చారు. యుద్ధానికి పోయే ముందు వీరులు శివుడి ఎదుట ఇది ఆడేవారనీ, ఆడి ఆడి శివుడు తమలో దిగాడని తోచాకే కత్తి పట్టేవారనీ చెప్తారు. జాయప మాత్రం పేరణిని దేశి నృత్యాల్లో ఒకటిగా వర్ణించాడు. వీరుల కథ నోటిమాటగా పెరిగింది. చరిత్రకారులు దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది అటుంచితే, ఆ కథ ఒక గట్టి ప్రశ్నను మన ముందు పెడుతుంది. తాళం, అలుపు, గుంపు, నమ్మకం కలిసి ఒక మనిషి ఒంట్లోకి దేవుణ్ని దింపుతాయా? దిగిందంటున్నది ఏమిటి?

ఈ ప్రశ్న ములుగు జిల్లాలో పుస్తకాల మాట కాదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు ములుగు మీదుగా పోయే బండ్లు అక్కడి గట్టమ్మకు మొక్కి కదులుతాయి. ఆ దారి పొడుగునా డప్పు వినిపిస్తూనే ఉంటుంది. జుట్టు విరబోసుకుని, ముఖానికి పసుపు పూసుకుని, చేతుల్లో యాపమండలతో శివసత్తులు శిగమూగుతుంటారు, అంటే పూనకంతో ఊగుతుంటారు. నిన్నటి దాకా ఇంట్లో నోరెత్తని కోడలికి శిగం వస్తే అత్త చేతులు జోడించి, "ఏం గావాలె తల్లీ, ఏం తక్కువ జేసినం?" అని అడుగుతుంది. కోడలు ఏకవచనంలో గదమాయిస్తుంది, అత్త తలొంచి వింటుంది. ఆ కాసేపు ఇంట్లో ఎవరు పెద్దో ఎవరు చిన్నో తారుమారు.

చూసే పట్నంవాళ్ల దగ్గర దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, అంతా నటన. రెండు, మానసిక జబ్బు. ఊరివాళ్ల జవాబు మూడోది, అమ్మ వచ్చింది. గత పాతికేళ్లలో శరీరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చేసిన పనిని వరసపెట్టి చూస్తే, దెబ్బ తిన్నవి ఎక్కువగా మొదటి రెండు జవాబులే. మూడోదాని జోలికి పరికరాలు వెళ్లనే లేదు.

నటన అనే మాట దగ్గర మొదలుపెడదాం. ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో గుడి ఉత్సవాలప్పుడు కొందరు ఆవేశంలో పడిపోతారు. జపాన్ పరిశోధకులు ఉత్సవానికి ముందూ తర్వాతా వాళ్ల రక్తం తీసి పరీక్షించి, 2001లో ఫలితాలు ప్రచురించారు. ఆవేశం వచ్చినవాళ్లలో నారడ్రినలిన్, డోపమైన్, బీటా ఎండార్ఫిన్ బాగా పెరిగాయి. బీటా ఎండార్ఫిన్ శరీరం తనకు తాను తయారుచేసుకునే నొప్పి మందు, నల్లమందు పనిచేసే చోటే అదీ పనిచేస్తుంది. అదే ఉత్సవంలో పాల్గొని ఆవేశం రానివాళ్లతో పోల్చి మరీ ఈ తేడా చూశారు. ఇంత తేడాను ఉత్త నటన అని కొట్టిపారేయడం కష్టం.

తాళం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆక్స్‌ఫర్డ్ పడవ పోటీల కుర్రాళ్లతో వ్యాయామ యంత్రాల మీద తెడ్లు వేయించారు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా. పడ్డ కష్టం ఒకటే. కానీ కలిసి వేసిన తర్వాత నొప్పిని ఓర్చుకునే శక్తి ఎక్కువగా కనిపించింది. కొలిచింది దేనితో? ప్రతి ఆసుపత్రిలో ఉండే బీపీ పట్టీతో. దాన్ని చేతికి చుట్టి గాలి ఎక్కిస్తూ పోతారు, ఇక చాలు అన్నప్పుడు ఆపి అంకె రాసుకుంటారు. మెదడులోని ఎండార్ఫిన్‌ను నేరుగా కొలవాలంటే వెన్నులో సూది గుచ్చాలి కాబట్టి, ఈ దొడ్డిదారి పట్టారు. 2015లో వచ్చిన ఇంకో అధ్యయనంలో బ్రెజిల్ బడిపిల్లలతో ఇదే పద్ధతిలో నాట్యాన్ని పరీక్షించారు. ఒళ్లు అలిసేలా ఆడటం ఒక్కటే చేసినా ఓర్పు పెరిగింది, అందరూ ఒకే కదలిక కదలడం ఒక్కటే చేసినా పెరిగింది. పక్కనున్నవాళ్ల మీద దగ్గరితనం కూడా పెరిగింది. పాలంపేట స్తంభం మీద మద్దెలగాళ్లను నర్తకుల పక్కనే చెక్కిన శిల్పికి ఈ లెక్కలు తెలియవు. ఆట ఎవరితో కలిసి ఆడతారో మాత్రం బాగా తెలుసు.

నిప్పుల దగ్గరికి వద్దాం. కొమురవెల్లి మల్లన్న దగ్గర అగ్నిగుండాలు తొక్కుతారు. గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం వాళ్లు విజయవాడలో దేవుడి పేరు ఎత్తకుండా నిప్పుల మీద నడిచి చూపించారు. కణకణలాడే బొగ్గు వేడిని చాలా నెమ్మదిగా వదులుతుంది, పాదం దాని మీద ఆనేది క్షణంలో కొంత భాగమే, చకచకా నడిచినవాడు కాలడు. ఈ లెక్కలో నాస్తికులు నూటికి నూరుపాళ్లు కరెక్టు. అయితే అంతటితో కథ అయిపోయిందనుకోవడం తొందరపాటు. స్పెయిన్‌లోని సాన్ పెడ్రో మాన్రిక్ అనే చిన్న ఊళ్లో జూన్ నెల పండుగ రాత్రి నిప్పులు తొక్కుతారు. అక్కడ నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె చప్పుడు కొలిచే పట్టీలు కట్టారు. 2011లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, నడిచేవాడి గుండె లయలో వచ్చిన ఎగుడుదిగుళ్లే ఊరికే కూర్చుని చూస్తున్న అతని బంధుమిత్రుల గుండెల్లోనూ కనిపించాయి. చూడవచ్చిన పరాయివాళ్లలో కనిపించలేదు. నిప్పూ అదే, దృశ్యమూ అదే. తేడా అల్లా సంబంధంలో ఉంది. పాదం ఎందుకు కాలదో భౌతికశాస్త్రం చెప్తుంది, గట్టు మీద కూర్చున్న తల్లి గుండె ఎందుకు దడదడలాడుతుందో చెప్పడం దాని పని కాదు.

మన దేశంలోనే, ప్రయాగ మాఘమేళాలో జరిగిన అధ్యయనం మేడారానికి ఇంకా దగ్గర. నెల రోజుల పాటు చలిలో, రద్దీలో, మైకుల హోరులో, గంగనీళ్లలో మునుగుతూ గడిపే కల్పవాసీలు 416 మందినీ, మేళాకు పోని 127 మందినీ మేళాకు నెల ముందూ నెల తర్వాతా పలకరించారు. మామూలు డాక్టరు ఎవరైనా ఆ నెల రోజుల బతుకు ఆరోగ్యానికి చేటనే అంటారు. వచ్చిన ఫలితం తలకిందులు: వెళ్లొచ్చినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగుపడిందని, ఒంటి బాధలు తగ్గాయని చెప్పారు. వెళ్లనివాళ్లలో ఆ మార్పు లేదు. ఇవి వాళ్లు చెప్పిన మాటలే, రక్తపరీక్షలు కావని గుర్తుంచుకోవాలి. ఆ బృందమే ఇంకో చిన్న పరీక్ష పెట్టింది. ఏ చోటుదో తేల్చుకోలేని ఒక గోల రికార్డును వినిపించి, మేళాది అని చెప్తే యాత్రికులు ఎక్కువసేపు విన్నారు, పట్నం వీధిది అని చెప్తే త్వరగా ఆపేశారు. వాళ్ల చెవుల్లో పడింది ఒకే శబ్దం.

ఇదంతా చదివి భక్తులు సంబరపడే ముందు ఇంకో పరిశోధన చూడాలి. హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం అది. దూరాన ఎక్కడో ఉన్న భక్తులు కొందరి కోసం ప్రార్థన చేశారు. తమకోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన అందినవారికి 52 శాతం, అందనివారికి 51 శాతం చిక్కులు వచ్చాయి. అంటే తేడా లేనట్టే. తమకోసం ప్రార్థన కచ్చితంగా జరుగుతుందని ముందే చెప్పినవాళ్లలో ఏకంగా 59 శాతం మందికి చిక్కులు వచ్చాయి. 'ప్రార్థన దాకా వచ్చిందంటే నా పని అయిపోయినట్టే' అని కంగారు పడ్డారేమో అని కొందరు ఊహించారు. ఊహ ఏదైనా, ముక్కూమొహం తెలియని భక్తుడు దూరం నుంచి చేసిన ప్రార్థన ఇక్కడ పనిచేయలేదు. మాఘమేళాలోనూ స్పెయిన్ నిప్పుల దగ్గరా పనిచేసింది పక్కనున్న మనిషి.

ఇక రెండో జవాబు, జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో పూనకం పేరుతో ఒక మానసిక వ్యాధి ఉంది. కానీ దానికో షరతు పెట్టారు: అది మనిషికి ఇష్టంలేకుండా వచ్చి, బతుకును చెడగొట్టేది అయి ఉండాలి, ఆ సమాజం తన ఆచారంలో భాగంగా ఒప్పుకున్నది కాకూడదు. అదే ఊగుడు, అదే కేక, అదే మారిన గొంతు. మేడారం గద్దెల దగ్గర వస్తే జబ్బు కాదు, అర్ధరాత్రి ఇంట్లో ఒంటరిగా మీదపడి పనికి పోనివ్వకుండా చేస్తే జబ్బు. జబ్బును తేల్చేటప్పుడు ఊరి మాటను లెక్కలోకి తీసుకోమని వైద్యగ్రంథమే చెప్పడం చిన్న సంగతి కాదు. ఊరికీ తన పరీక్షలు తనకున్నాయి. దొంగ శిగం అనిపిస్తే అరచేతిలో కర్పూరం వెలిగించి చూసే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

ఈ గీత చెరిగిన చోటే నష్టం జరుగుతుంది. మూర్ఛ వచ్చి పడిపోయే పిల్లకు గాలి సోకిందని ఏళ్ల తరబడి తాయెత్తులు కట్టించే ఇళ్లున్నాయి. సరైన మందు సరిగా వాడితే మూర్ఛరోగుల్లో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చేతబడి చేసిందన్న అనుమానంతో ముసలమ్మను కొట్టి చంపినప్పుడు అది ఆచారం కాదు, హత్య. నమ్మకాన్ని గౌరవించడమంటే వీటికి కళ్లు మూసుకోవడం అని ఎవరైనా అంటే ఒప్పుకోవలసిన పని లేదు.

ఎండార్ఫిన్ దొరికింది కాబట్టి అమ్మ లేదనేవాళ్ల తర్కం కూడా నిలవదు. తల్లి బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఆక్సిటోసిన్ పెరుగుతుంది. అంతమాత్రాన బిడ్డ లేడని ఎవరూ అనరు. అలాగని రసాయనం దొరికింది కాబట్టి అమ్మ ఉన్నట్టేనని వాదించేవాళ్లు ఇంకో వైపు తప్పటడుగు వేస్తున్నారు. రక్తపరీక్ష ఒంట్లో ఏం జరిగిందో చెప్తుంది. వచ్చింది ఎవరని అడిగితే దాని దగ్గర జవాబు లేదు, ఆ ప్రశ్న దానికి అందదు.

కాకతీయుల కాలపు శైవులకు ఒంటినీ దేవుణ్నీ ఎదురెదురుగా నిలబెట్టాలన్న తొందర ఉన్నట్టు కనిపించదు. పాశుపత సూత్రాల్లో నవ్వూ పాటా ఆటా శివుడికి ఇచ్చే ఉపహారాలే, జపంతో సమానంగా. గణపతిదేవుడికి శైవదీక్ష ఇచ్చిన గురువు గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శంభువు. ఆయనకు ఇచ్చిన మందడం గ్రామ దానాన్ని చెప్పే మల్కాపురం శాసనం రుద్రమదేవి కాలంలో, 1261లో వేశారు. రాయి ఇప్పటి అమరావతి రాజధాని ప్రాంతంలోనే ఉంది. ఆ దానం మీద నడిచినవాటిలో గుడి ఉంది, మఠం ఉంది, చదువుకునే పిల్లల వసతి ఉంది, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టే సత్రం ఉంది, ప్రసూతిశాల ఉంది, ఆరోగ్యశాల ఉంది. గుడిలో ఆడే నర్తకులకూ మద్దెలగాళ్లకూ, ఆరోగ్యశాల వైద్యుడికీ జీవనం ఏర్పాటు చేసింది ఆ ఒక్క శాసనమే.