లియోన్‌కు వెళ్తున్న మేనకోడలికి

బంగారూ,

శని, ఆదివారాలు లియోన్ వెళ్లొస్తానన్నావు, సంతోషం. గ్రెనోబుల్ నుంచి రైలెక్కితే గంటన్నరలో దిగుతావు. కానీ నువ్వు పంపిన చూడాల్సిన చోట్ల జాబితా చదివేసరికి నాకే ఆయాసం వచ్చింది. శుభలేఖలు పంచడానికి గడపగడపా ఎక్కి దిగేవాళ్లలా తిరుగుతావా ఏమిటి? సగం కొట్టెయ్యి. మిగిలినదాంట్లో ఇంకో రెండు తీసెయ్యి. ఆ ఊళ్లో కొన్నేళ్లు ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నా, లియోన్‌లో చెయ్యాల్సిన మొదటి పని తీరిగ్గా కూర్చుని తినడం.

అందుకే డబ్బంతా శనివారం మధ్యాహ్నం భోజనానికి దాచుకో. రాత్రిపూట కంటే పగటిపూట అదే వంటగదిలో వండిన భోజనం చవక. తలుపు పక్కన నల్ల బోర్డు మీద ఆ రోజు వంటకాలు సుద్దముక్కతో రాసి ఉంటాయి. పన్నెండున్నరకల్లా వెళ్లి కూర్చో. మన హోటళ్లలా మూడింటికి వెళ్లినా పెడతారనుకుంటే పస్తే, రెండు దాటితే పొయ్యి ఆర్పేస్తారు. లోపలికి వెళ్లగానే 'బోన్‌జూర్' అను. అది అనకుండా టేబుల్ అడిగావంటే మొహం మాడ్చుకుంటారు, తప్పు వాళ్లది కాదు. నీళ్లు కావాలంటే 'కరాఫ్ దో' అని అడుగు, కుళాయి నీళ్లు జగ్గులో తెస్తారు, డబ్బు తీసుకోరు. ఉత్తినే నీళ్లు అన్నావో, సీసా వస్తుంది, బిల్లూ వస్తుంది. రొట్టె ముక్కలకు డబ్బు లేదు. సర్వీసు బిల్లులోనే కలిపి ఉంటుంది, టిప్పు గురించి మథనపడకు.

అక్కడి పాతకాలపు భోజనశాలల్ని బుషోన్ అంటారు. పట్టు నేసేవాళ్లు, కూలీలు కడుపునిండా తిన్న చోట్లు అవి. అందుకే పెద్దింటివాళ్లు వద్దనుకున్న పొట్ట, పేగులు, కాలేయం అక్కడ రాజభోగం. తాబ్లియే ద సాపర్ అంటే పొట్ట ముక్కకు రొట్టెపొడి అద్ది వేయించింది. బోటి కూర కోసం ఆదివారం పొద్దున్నే క్యూలో నిలబడే ఇంట్లో పుట్టినదానివి, నీకు వింతేం కాదు. అయితే ఆ పొట్ట గొడ్డుది, ఆందూయెత్ అనే సాసేజిలో ఎక్కువగా పంది పేగులు ఉంటాయి. నీకు ఏది ఇష్టమో, ఏది కాదో నువ్వే తేల్చుకో, మొహమాటపడకుండా అడిగి తిను. రెండూ వద్దనుకుంటే కెనెల్ తీసుకో, చేపతో చేసిన మెత్తటి ఉండ, సాసులో తేలుతూ వస్తుంది. చివర్లో గులాబీ రంగు ప్రలీన్ టార్ట్ వదలకు. నాకు కాస్త తీపెక్కువే, నీకు సరిపోతుంది.

ఇంకో మాట. ఆ ఊరి వంటకు ప్రపంచంలో పేరు తెచ్చినవాళ్లలో ఆడవాళ్లు ముందుంటారు. ధనవంతుల ఇళ్లలో వంట చేసి, తర్వాత సొంతంగా హోటళ్లు పెట్టుకున్న 'మేర్'లు, అంటే అమ్మలు. వాళ్లలో యూజెనీ బ్రాజియే 1933లో తన రెండు హోటళ్లకూ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు సంపాదించింది. అంతకుముందు ఆరు నక్షత్రాలు ఎవరికీ లేవు. పేరుమోసిన షెఫ్ పాల్ బొక్యూజ్ కుర్రవాడిగా ఆవిడ వంటగదిలోనే పని నేర్చుకున్నాడు.

తిన్నాక పట్టు నేతగాళ్లు ఉండిన క్ర్వా రూస్ గుట్టకు వెళ్లు. ఎక్కడం మెట్రోలో, దిగడం కాళ్లతో. నీ జాబితాలో ఇది లేదు, ధర్మవరం పిల్లవై ఉండి ఇది చూడకుండా వస్తే మీ తాత ఊరుకోడు. మన ఇంట్లో మగ్గం మీద కూర్చున్న జాకార్డు, దాని అట్టలు గుర్తున్నాయా? ఆ యంత్రాన్ని 1804లో తయారుచేసిన జోసెఫ్ మరీ జకార్డ్ లియోన్ వాడే. తనకు ముందువాళ్లు మొదలుపెట్టిన పనిని ఆయన మగ్గానికి ఒదిగేలా చేశాడు. అంతకుముందు పైన దారాలు లాగడానికి వేరే మనిషి ఉండాలి, ఆ పని అట్టలోని చిల్లులకు అప్పగించాడు. గుట్ట మీద ఇళ్ల కిటికీలు అంత పొడుగ్గా ఎందుకున్నాయో తలెత్తి చూడు. ఆ మగ్గం పట్టాలంటే లోకప్పు నాలుగు మీటర్ల దాకా ఉండాలి మరి. మెజోన్ దే కనూ మ్యూజియంలో ఇప్పటికీ నేసి చూపిస్తారు, తెరిచే వేళలు ముందే చూసుకో.

ఆ నేతగాళ్లను కనూలంటారు. మగ్గం వాళ్లది, పట్టూ డిజైనూ వ్యాపారివి, చేతికొచ్చేది నేతకూలి. మనకు తెలియని లెక్కా? 1831లో కనీస కూలి రేటు ఒప్పుకుని, ఆ మాట వ్యాపారులు తప్పితే, నవంబరులో నేతగాళ్లు ఈ వాలు మీంచే దిగి ఊరిని చేతుల్లోకి తీసుకున్నారు. కొద్దిరోజులకు సైన్యం వచ్చింది. 1834లో మళ్లీ తిరగబడ్డారు, ఆసారి చాలామంది చచ్చిపోయారు. అక్కడి కూర్ దే వొరాస్ అనే పాత మెట్లదారి దగ్గర కాసేపు ఆగు. అది త్రబూల్, అంటే ఇళ్ల లోపలినుంచి ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోయే దారి. అందులో జనం కాపురం ఉంటున్నారు, గట్టిగా మాట్లాడకు, వాళ్ల తలుపుల ముందు రీలు తియ్యకు.

ఫుర్వియేర్ బసిలికా చూడు గానీ ఎక్కువసేపు అక్కర్లేదు. ఆ బంగారు మొజాయిక్‌లు నా కంటికి ఆర్భాటం. ఎండ బాగుంటే మోన్ బ్లాంక్ కనిపిస్తుందని అందరూ మురిసిపోతారు, ఆల్ప్స్ కిందే ఉంటున్న నీకు అదో గొప్పా? పక్కనే రోమన్ల కాలపు నాటకశాల ఉంది, డబ్బివ్వక్కర్లేదు, ఆ రాతి మెట్ల మీద కూర్చో.

ఆదివారం కొట్లన్నీ దాదాపు మూసేస్తారు. పొద్దున సోన్ నది ఒడ్డున సెంట్ ఆంత్వాన్ సంతలో చీజు, పండ్లు, రొట్టె కొనుక్కుని తేత్ దోర్ పార్కుకు పో. ప్రవేశం ఉచితం, జంతువులు కూడా ఉంటాయి. చెరువుగట్టున తిని, నిద్రొస్తే నిద్రపో. ఓపికుంటే ఆ తర్వాత లూమియేర్ సోదరుల ఇల్లు చూడు, 1895లో వాళ్ల ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికొస్తుంటే తీసిన సినిమా అక్కడిదే. ఓపిక లేకపోతే మానెయ్యి.

అసలు చెప్పాల్సింది ఇది. మీ నాన్న లోను తెచ్చాడని ప్రతి యూరోనూ రూపాయల్లోకి మార్చుకుంటూ తినకు. బయల్దేరే ముందే ఇంతని లెక్క వేసుకో, ఆ తర్వాత టేబుల్ దగ్గర లెక్క మర్చిపో. సెమిస్టరంతా ల్యాబులో గడిపిన పిల్లవి, రెండు రోజులు ఊరికే కూర్చుంటే చదువు చెడదు. మాకు చూపించాలని ఫోను ఎత్తి పట్టుకుని తిరగకు, ఫోటోలు సోమవారం పంపినా చూస్తాం. ఆదివారం సాయంత్రం బండ్లు విద్యార్థులతో కిక్కిరిసిపోతాయి, పార్ దియో స్టేషనుకు కాస్త ముందే చేరుకో. గది చేరాక మీ అమ్మకు మాత్రం ఫోన్ చెయ్యి, అప్పటిదాకా ఆవిడ నిద్రపోదు.

మీ అత్త