అందరి పేరిట ఎత్తిన మూట

కష్టకాలము వచ్చినప్పుడు పగలు మరచి అందరును ఒక్కటి కావలెనని మనము తరచుగా చెప్పుదుము. మాట మంచిదే. అయితే ఒక్కటైనవారు మూటను ఎవరి వీపుపై ఎత్తిరో అడుగుటయు న్యాయమే గదా! 1931లో ఇంగ్లండులో జరిగిన సంగతి చూడుడి.

అప్పుడు ప్రధానమంత్రి కార్మిక పక్షమువాడైన రామ్సే మాక్డొనాల్డు. స్కాట్లండులోని లాసీమౌత్ అను రేవు ఊరిలో, పెండ్లికాని పనిమనిషికి పుట్టినవాడు. 1914లో యుద్ధము తగదని పక్ష నాయకత్వమునే వదలుకొనిన మనిషి. అతడు పిరికివాడని ఎవరును అనలేరు.

ఆ సంవత్సరము మే నెలలో వియన్నాలో పెద్ద బ్యాంకు కూలెను. జూలైలో జర్మనీ బ్యాంకులు తలుపులు మూసెను. పిమ్మట భయము లండనుకు ప్రాకి, అచ్చటి ధనము పైదేశములకు తరలిపోసాగెను. పౌనుకు ఇంత బంగారము ఇత్తుమని ప్రభుత్వము మాట ఇచ్చియుండెను. ఆ మాట నిలుపుకొనుటకు అప్పు కావలెను. అప్పు పుట్టుటకు ఖర్చు తగ్గింపవలెను. దేశములో పనిలేనివారు 25 లక్షలకు మించియుండిరి. వారికిచ్చు భృతిలో నూటికి 10 వంతులు కోయుదమా అని ఆగస్టు 23న, ఆదివారము, మంత్రులు కూడి తర్కించిరి. 11 మంది సరేననిరి, 9 మంది వల్లగాదనిరి. ఆ తొమ్మండుగురిలో ముఖ్యుడు ఆర్థర్ హెండర్సను. ఇనుప పోతపని చేసినవాడు, మెథడిస్టు సంఘములో ప్రసంగములు చేయువాడు.

మంత్రివర్గము విడిపోయెను. మరునాడు రాజు అయిదవ జార్జి కోరగా, మాక్డొనాల్డు ప్రతిపక్షములవారైన బాల్డ్విను, శామ్యూలులతో కలిసి జాతీయ ప్రభుత్వము స్థాపించెను. స్వపక్షమువారు అతనిని వెలివేసిరి. అక్టోబరు ఎన్నికలలో ఈ కూటమికి 554 స్థానములు వచ్చెను. కార్మిక పక్షమునకు మిగిలినవి 52.

ఇతడు ద్రోహియా, త్యాగియా? పదవికొరకే చేసెనని నేను తలంచను. హెండర్సను వర్గమును పూర్తిగా మెచ్చుకొనజాలను. తక్కిన తగ్గింపులలో చాల వాటికి వారును ముందే తలయూపియుండిరి, వేరొక దారియు చూపలేదు. తనవారికంటె దేశము పెద్దదనుట తప్పు కాదు. అయితే దేశమనగా ఎవరు? భృతి తీసికొనువాడు దేశములోనివాడు కాడా?

వారమునకు 17 షిల్లింగులు పొందువానికి 15 షిల్లింగుల 3 పెన్నీలాయెను. అదియు చాలక, బహుకాలము పనిలేక యున్నవాని ఇంటికి అధికారులు వచ్చి, కుమార్తె ఎంత తెచ్చుచున్నది, ఇంట ఏ సామాను ఉన్నదని విచారించిరి. బీదవానికి రొట్టె తగ్గుటకంటె ఈ విచారణయే ఎక్కువ నొప్పించినది. నావికులలో కొందరికి రోజు జీతము 4 షిల్లింగులనుండి 3కు దింపగా, సెప్టెంబరులో ఇన్వర్‌గార్డన్ రేవునందు వేలమంది పని మానిరి. మరల భయము పుట్టి బంగారము పోసాగెను. సెప్టెంబరు 21న ప్రభుత్వము బంగారపు మాటనే విడిచిపెట్టెను. దేనిని కాపాడుటకై ఇంత చేసిరో అది నెల తిరుగక ముందే పోయెను. ఆకాశము విరిగి పడలేదు! కోసిన భృతి మాత్రము 1934 వరకు తిరిగి రాలేదు.

మన రూపాయి అప్పుడు పౌనుకు కట్టబడియుండెను. రూపాయలలో బంగారము ధర పెరుగగా, పంట ధరలు పడి అప్పులలో మునిగిన మన రైతులు ఇంటి నగలు అమ్ముకొనిరి. ఆ బంగారము ఓడలెక్కి పోయెను. లండను గదిలో జరిగిన మాటలను వారిలో ఎవరు వినిరి?

మాక్డొనాల్డును నిందించుట సులభము. నేను పాస్టరుగా పోయిన తొలి యూరిలో, వర్షము లేని యేట కానుకలు పడిపోయెను. ఏండ్ల తరబడి పలుకరించుకొనని రెండు వర్గముల పెద్దలు ఆ రాత్రి ఒకే చాపమీద కూర్చుండిరి. నేను ఎంతో సంతోషించితిని. అందరును ఏకముగా చేసిన మొదటి తీర్మానము, గంట కొట్టువాని జీతము సగము చేయుట. అతడు గుమ్మము దగ్గర లాంతరు పట్టుకొని నిలుచుండెను. అతనిని ఎవరును అడుగలేదు. నా జీతము మాట ఎవరును ఎత్తలేదు, నేనును ఎత్తలేదు.