ఎవరు చూడొచ్చారు?

తెలుగులో రోజూ వాడే మాటల్లో బహు ప్రమాదకరమైన మాట ఏదని ఎవరైనా అడిగితే నేను తిట్ల జోలికి వెళ్లను. ‘ఎవరు చూడొచ్చారు?’ అన్న మాట చెబుతాను. నెయ్యి బదులు డాల్డా వేసే మిఠాయికొట్టు వాడి దగ్గర్నుంచి, గోడలో సిమెంటు తగ్గించే మేస్త్రీ వరకూ అందరికీ అక్కరకొచ్చే మాట అది. నిజానికి అది ప్రశ్న కాదు. ఇష్టంలేని పనిని ఎగ్గొట్టటానికి మనకి మనమే ఇచ్చుకునే సెలవుచీటీ!

బి.ఏ.లో మాకు ప్లేటో చెప్పిన ఒక వుంగరం కథ పాఠంగా వుండేది. గైజిస్ అనే గొర్రెలకాపరికి ఆ వుంగరం దొరుకుతుంది. దాన్ని తిప్పితే మనిషి మాయమైపోతాడు. ఎవరికీ కనబడనప్పుడు కూడా మనిషి మంచిగా వుండాల్సిన పనేమిటి అన్నది అక్కడి ప్రశ్న. అంత పెద్ద ప్రశ్న అనంతపురం చివర ఒక మెకానిక్ షెడ్డులో నాకు ఎదురవుతుందని అప్పుడెవరనుకున్నారు?

మా కారు పాతది. ఎవరో వాడాక మేం కొన్నది. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషను పొడిగించుకుని నడుపుతున్నాం. ఒకరోజు స్టీరింగు ముందు ఇంజను బొమ్మతో పసుపుదీపం వెలిగింది, మళ్లీ ఆరలేదు. బండి మాత్రం శుభ్రంగా నడుస్తోంది. మెకానిక్ తన పరికరం తగిలించి చూసి, పెట్రోలు ఆవిరి వాల్వుకి కరెంటు అందటం లేదన్నాడు.

ఆ వాల్వు చేసే పని నాకు భలే నచ్చింది. మన ఎండలకి ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూనే వుంటుంది కదా! ఆ ఆవిరి గాల్లో కలవకుండా ఒక బొగ్గుడబ్బాలోకి పోతుంది. ఇంజను నడిచేటప్పుడు కంప్యూటరు ఈ చిన్న వాల్వు తెరిపిస్తుంది. బొగ్గు పట్టివుంచిన ఆవిరిని ఇంజను పీల్చుకుని కాల్చేస్తుంది. వాల్వు లోపల వున్నదల్లా కండెకి దారం చుట్టినట్టు చుట్టిన రాగితీగ. కరెంటు వస్తే అది అయస్కాంతమై ఒక ఇనపముక్కని లాగుతుంది. దాన్నే సోలినాయిడ్ అంటారు.

దీనికి మూలం ఎక్కడుందో తెలుసా? అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్న హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, 1950ల మొదట్లో లాస్ ఏంజెలిస్‌లో కళ్లు మండించే పొగమంచు సంగతి తేల్చాడు. కార్ల పొగా, పెట్రోలు ఆవిరీ ఎండలో కలిసి విషంగా మారుతున్నాయన్నాడు. ఆ తరవాతే, 1970 మోడళ్లకి కాలిఫోర్నియాలో, 1971 మోడళ్లకి అమెరికా అంతటా ఆవిరిని పట్టివుంచే ఏర్పాటు తప్పనిసరి అయింది.

అంటే ఈ వాల్వు మన కోసం పనిచెయ్యదు. అది పనిచేసినా మానేసినా బండి ఎక్కినవాడికి తేడా తెలీదు. బయట వున్నవాడికే లాభం. చిక్కంతా అక్కడే!

“తీసి పారేద్దామమ్మా,” అన్నాడు మెకానిక్. “గొట్టాలు మూసేస్తే పాయె. బండి బాగానే పోతాది.”

“మరి ఆ దీపమో?”

“ముప్పై ఓమ్‌ల రెసిస్టరొకటి పెడతాను. వాల్వు ఈడే ఉండాదనుకుంటాది కంప్యూటరు.”

“పొల్యూషన్ సర్టిఫికెట్టో, అన్నా?”

అతను నవ్వాడు. “వాళ్లు పొగగొట్టంలో పైపు పెట్టి చూస్తారు గానీ, ట్యాంకు ఆవిరిని ఎవురు సూడొచ్చినారు తల్లీ?”

చూశారా, వుంగరం! మన సీమలో అది ముప్పై ఓమ్‌ల రెసిస్టరు రూపంలో దొరుకుతుందన్నమాట.

అతన్ని మోసగాడనలేను. అతని షెడ్డుకొచ్చేవాళ్లు వేరుశెనగ పోయిన రైతులు, బాడుగ కార్ల డ్రైవర్లు. వాళ్లకి నాలుగు రూపాయలు మిగల్చటమే అతనికి తెలిసిన దయ. ఒక్క కారు ఆవిరికే ఆకాశం చెడిపోతుందా అన్న ప్రశ్నా వుంది. కొండల మీద గాలిమరలు తిరిగేంత గాలి మనకుందాయె! కానీ మా మాటలు జరుగుతున్నంతసేపూ పక్క కారు ట్యాంకు మీదికి వంగి పనిచేస్తున్నాడొక కుర్రాడు. పెట్రోలు ఆవిరిలో బెంజీన్ వుంటుంది. అది క్యాన్సర్ తెచ్చే పదార్థమని అందరూ ఒప్పుకున్నదే. ఆకాశం మాట దేవుడెరుగు, ముందు పీల్చేది ఆ కుర్రాడు.

బాగుచెయ్యమన్నాను.

బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు తగిలిస్తే వాల్వు ‘టిక్’మంది. అంటే దాని తప్పేం లేదు. దాని ప్లగ్గు దగ్గర టెస్టు బల్బు వెలగలేదు. ఫ్యూజు చూస్తే నిక్షేపంలా వుంది. మధ్యలో తీగే పోయిందన్నమాట. నల్లటేపు విప్పితే తెలిసింది. పొగగొట్టం వేడికి తొడుగు కరిగి, రాగి ఇనుముకి తగిలి, జానెడు మేర మాడి మసైపోయింది. మరి ఫ్యూజెందుకు పోలేదు? పది ఆంపియర్ల ఫ్యూజు వుండాల్సిన చోట ముప్పై ఆంపియర్లది వుంది! మాకు ముందు బండి నడిపిన ఎవరో పుణ్యాత్ముడు, మాటిమాటికీ ఫ్యూజు పోతోందని లావుది పెట్టించేశాడు. ఫ్యూజు బతికింది, తీగ చచ్చింది. కాస్త అటూ ఇటూ అయితే బండే అంటుకునేది.

ఆయన కూడా ఆరోజు ‘ఎవరు చూడొచ్చారు?’ అనుకునే వుంటాడు. చూడొచ్చింది మేము!

మాడిన ముక్క కత్తిరించి, అంతే మందం తీగ అతికి, సోల్డరు చేసి, వేడికి తట్టుకునే తొడుగు వేసి, పొగగొట్టానికి దూరంగా కట్టాడు. పది ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. దీపం ఆరింది. ఖర్చు కొన్ని వందలే. వాల్వే మార్చాల్సివచ్చి, బండి మీదే బతికే డ్రైవరైతే ఏం చెయ్యాలి? అతనికి నేను నీతులు చెప్పలేను. కానీ ఇవ్వగలిగిన నేను, ఇవ్వలేని అతని చాటున దాక్కోలేను కదా!

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో కొత్త కారేదైనా బిఎస్-6 పరీక్షకి నిలబడాల్సిందే. కొత్తకారుకి చూసేవాళ్లు బోలెడుమంది. పాతకారుకి యజమాని మనస్సొక్కటే దిక్కు.

కార్లు లేనివాళ్లకి ఇదంతా ఎందుకంటారా? ఏడాదికి అయిదొందల యాభై మిల్లీమీటర్లకి అటూ ఇటూ వాన కురిసే నేల మనది. వందల అడుగులు బోరు దింపినా నీళ్లు పడకపోవటం మనకి కొత్త కాదు. వేసిన కేసింగు పైపు పీక్కుని, అప్పుతో ఇంటికెళ్లే రైతుకి ఆ గుంత మూయటం వల్ల ఒక్క చుక్క రాదు. పైగా ఖర్చు. ఎన్ని వూళ్లలో ఎందరు పిల్లలు వాటిల్లో పడ్డారో! వాడని బోర్లు పూడ్చితీరాలని 2010లో సుప్రీంకోర్టే చెప్పాల్సివచ్చింది. అయినా ఏ కోర్టు మాటా తెలీకుండానే, పొద్దుగూకేవేళ మట్టి తట్టలతో ఆ గుంత నింపి వెళ్లే రైతులున్నారు.

అలాంటి రైతుకి ఎవరూ దండం పెట్టరు. అతనివల్ల బతికిన బిడ్డ ఎవరో అతనికే తెలీదు. ఆ బిడ్డకీ తెలీదు, గుంత వున్నచోట నేల మీద ఆడుకుని ఇంటికెళ్లిపోతుంది. లోకంలో సగం మంచితనం ఇలా జరగకుండా పోయిన కీడుల్లోనే వుంటుందేమో! లెక్కపెట్టటానికి అక్కడేమీ మిగలదు మరి.

ఈసారి ‘ఎవరు చూడొచ్చారు?’ అన్నమాట మీ నోటిదాకా వస్తే, దాన్ని నిజంగా ప్రశ్నే అనుకుని చూడండి. జవాబు వుంది. మన తరవాత వచ్చేవాళ్లు.