పండ్రెండేండ్ల కుమార్తె



మార్కు సువార్త 5వ అధ్యాయములో ఇద్దరి సంగతి కలిసియున్నది. ఒకరు పండ్రెండేండ్లనుండి రక్తస్రావముతో బాధపడిన స్త్రీ. మరియొకరు పండ్రెండేండ్ల చిన్నది, యాయీరు కుమార్తె. లేవీయకాండము 15వ అధ్యాయము ప్రకారము అట్టి స్త్రీని ముట్టినవారు మైలపడుదురు. అయినను ఆమె తన వస్త్రమును ముట్టినందుకు ప్రభువు కోపింపలేదు. జనుల నడుమ నిలిచి, ఆమెను కుమారీ అని పిలిచి, ఆమె సిగ్గును తీసివేసెను.

మన ఊళ్లలో పిల్ల పెద్దమనిషి అయినప్పుడు చుట్టములను పిలిచి వేడుక చేయుదుము. ఆ తరువాత నెలనెలా మూలన కూర్చుండబెట్టుదుము. కొందరు తల్లులు ఆ దినములలో ప్రభువు బల్లకును రారు. ప్రియులారా, ఇది పాపము కాదు. బిడ్డకొరకు సిద్ధపడిన గర్భసంచి తన పొరను నెలకొకసారి విడుచుటయే. సృష్టికర్త చేసిన ఏర్పాటే. ప్రభువు తుడిచివేసిన మైలను మనము మరల అంటగట్టరాదు.

ఈ సిగ్గువలన గుడ్డను చీకటి మూలలో, చీరక్రింద ఆరవేయుదురు. ఆరని గుడ్డవలన దురద, పుండ్లు కలుగును. పత్తి పండించు మనకు మెత్తని నూలుగుడ్డ కరవా? దానిని సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయుడి. 4 మొదలు 6 గంటలకొకసారి మార్చుకొనవలెను. మిరపకాయలు కోసిన చేతులను సబ్బుతో కడుగుకొనక గుడ్డను ముట్టరాదు. ఆ మంట మన తల్లులకు తెలియును. స్రావము 7 దినములు మించినయెడల ఆసుపత్రికి తీసికొనిపోవుడి.

డాక్టరు అన్నా కుగ్లరుగారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచిరి. మగవారితో చెప్పుకొనలేని బాధలు చెప్పుకొనుటకు వైద్యురాలు దొరికెను. 2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము స్వేచ్ఛ అను పథకము ప్రారంభించి, 7 మొదలు 12వ తరగతివరకు ప్రభుత్వ బడుల బాలికలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితముగా ఇచ్చుటకు పూనుకొనెను. అయితే ప్యాడ్లున్నను, బడి మరుగుదొడ్డిలో నీళ్లును తలుపునకు గడియయు లేనియెడల పిల్ల ఇంటనే నిలిచిపోవును. మిరపకోతల కాలమున ఇంటనున్న పిల్ల కోతకు పోవును. చదువు అక్కడనే ఆగును.

తండ్రులారా, సంఘపెద్దలారా, ఆ నీళ్లను, ఆ గడియను బడిలో అడుగుట మీ పని. యాయీరు సమాజమందిరపు అధికారియైయుండియు కుమార్తె నిమిత్తము ప్రభువు పాదములమీద పడెను. మనము ప్రధానోపాధ్యాయునియొద్దకు పోవుటకు సిగ్గుపడుదుమా?

ప్రభువు ఆ చిన్నదానిని లేపి, తినుటకు పెట్టుమని చెప్పెను. మనమును మన కుమార్తెలకు ఆ దినములలో పప్పు, మునగాకు, గుడ్డు కడుపునిండ పెట్టుదము. మూలనుండి లేపి మనతోకూడ కూర్చుండబెట్టుకొందము. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.