ఒక్కరే ఎక్కే పెట్టె

తెనాలిలో ఒక మాస్టారు ఉండేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కొడుకు డాలస్‌లో ఉద్యోగం. కోడలికి నెలలు నిండుతున్నాయని తల్లికీ తండ్రికీ టిక్కెట్లు పంపాడు. మాస్టారికి మోకాళ్ళ నొప్పులు. విమానం మారేచోట చాలా దూరం నడవాలని ఎవరో చెప్పగా విని దిగులు పడ్డారు. ‘‘వీల్‌ఛెయిర్‌కి చెప్తాను నాన్నా’’ అన్నాడు కొడుకు. మాస్టారు ససేమిరా అన్నారు. నలుగురూ చూస్తుండగా తనను ఎవరో తోసుకుపోవడం ఆయనకు చిన్నతనంగా తోచింది. కొడుకు ఆలోచించి ఒక పెట్టె పంపాడు.

అది కూర్చుని నడుపుకునే పెట్టె. హ్యాండిల్ పైకి లాగి విప్పితే కుడి బొటనవేలి దగ్గర యాక్సిలరేటరు, రెండోవైపు బ్రేకు. కాళ్ళు పెట్టుకోవడానికి కింద రెండు మడత పెడళ్ళు. ఫోను ఛార్జింగుకి పక్కన చిన్న సాకెట్. గంటకు 13 కిలోమీటర్లు పోతుంది. మాస్టారు ముందు వరండాలో, తర్వాత వీధిలో నడిపి చూసుకున్నారు. సందులో పిల్లలంతా వెంటపడ్డారు. ఎన్నాళ్ళకో ఆయన ముఖం విప్పారింది. ‘‘చూశావా, ఇంక నన్నెవరూ పట్టుకోనక్కర్లేదు’’ అన్నారు భార్యతో. ఆవిడ సంతోషించింది. ‘‘మరి నేనో?’’ అని మాత్రం అడగలేదు.

ప్రయాణం రోజు శంషాబాద్ విమానాశ్రయంలో కారు దిగారు. ఒక్కరిని ఎక్కించడానికి పదిమంది వచ్చిన కుటుంబాలు, దండాలు, కన్నీళ్ళు, ఫొటోలు. దింపడానికొచ్చిన తమ్ముడు కారు పార్క్ చేయడానికి వెళ్ళాడు. మాస్టారు పెట్టె మీద కూర్చుని బొటనవేలు నొక్కారు. జనం తప్పుకుని దారిచ్చారు. చూస్తుండగానే గేటు దగ్గరికి చేరిపోయారు.

సీఐఎస్ఎఫ్ జవాను టిక్కెట్టు, పాస్‌పోర్టు అడిగాడు. రెండూ భార్య హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ జాడ లేదు. ఫోన్ చేస్తే ఆ గోలలో వినపడలేదు. మాస్టారు పెట్టె దిగి, పక్కకు తప్పుకుని నిలబడ్డారు. వెనకాలొచ్చిన వాళ్ళంతా ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోతున్నారు. చాలాసేపటికి ఆవిడ వచ్చింది. ట్రాలీ మీద రెండు పెద్ద పెట్టెలు, వాటి మీద ఆవకాయ, సున్నుండలు కట్టిన అట్టపెట్టె. చెమటకు జాకెట్టు తడిసిపోయింది.

‘‘అంత తొందరేంటండీ? కాగితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి కదా!’’

మాస్టారికి జవాబు దొరకలేదు.

కౌంటర్లో అమ్మాయి పెట్టెను తూచింది. ‘‘కేబిన్‌లోకి 7 కిలోలే సార్. ఇది ఖాళీగానే 9 ఉంది. లగేజీలో వేయాలి. బ్యాటరీ తీసి మీ దగ్గర పెట్టుకోండి.’’

మాస్టారు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. తెనాలి వీధులన్నీ తిరిగారు గానీ బ్యాటరీ ఎక్కడుందో ఎప్పుడూ చూడలేదు. పక్క కౌంటర్లో ఒక కుర్రాడిదీ ఇలాంటి పెట్టే. దాని బ్యాటరీ స్క్రూలతో లోపల బిగించేసి ఉంది, ఊడదు. అలాగే లగేజీలో వేయడం కుదరదన్నారు. పాపం, అతను నేలమీద కూర్చుని బట్టలన్నీ స్నేహితుడి సంచిలోకి మార్చి, ఖాళీ పెట్టెను బయట ఉన్న తండ్రికి అప్పగించడానికి పరుగెత్తాడు.

మాస్టారి భార్య ముందుకొచ్చింది. కొడుకు వీడియో కాల్‌లో చూపించినప్పుడు ఆవిడ వెనక నుంచి చూసింది. సీటు కింద మూత తెరిచి, గొళ్ళెం నొక్కి, బ్యాటరీ బయటికి లాగింది. దానిమీద 36 వోల్టులు, 2 ఆంపియర్-అవర్లు అని రాసుంది. ‘‘వాట్-అవర్లు ఎంతో కావాలి సార్’’ అంది అమ్మాయి. ‘‘రెండూ గుణిస్తే వస్తుంది, 72’’ అన్నారు మాస్టారు. ‘‘అయితే 100 లోపే. ఏ ఇబ్బందీ లేదు’’ అని ఆ అమ్మాయి, కొనలు తగిలి షార్ట్ కాకుండా టేపు అంటించి ఇచ్చింది. పాస్‌పోర్టులకీ మందుల డబ్బాకీ మధ్య ఆ బ్యాటరీ కూడా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకే చేరింది. పెట్టె బెల్టు మీద వెళ్ళిపోయింది.

గల్ఫ్‌లో విమానం మారేటప్పటికి అర్ధరాత్రి దాటింది. కొంతదూరం నడిచారు, బెంచీ కనపడితే కూర్చున్నారు. కదిలే నడకపట్టీ ఎక్కేటప్పుడు ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. మూడో బెంచీ దగ్గర మాస్టారు లేవలేకపోయారు.

‘‘వీల్‌ఛెయిర్ అడుగుదామండీ. దాన్ని తోసే మనిషికి దారి తెలుస్తుంది. మనిద్దరికీ తెలీదు.’’

మాస్టారు చాలాసేపు నేలకేసి చూశారు. తర్వాత తల ఊపారు. వచ్చిన కుర్రాడు ఆయన్ని కూర్చోబెట్టి, ఆవిడ చేతిలోని సంచి తీసుకుని ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆవిడ నడకకు తగ్గట్టే నిదానంగా తోస్తూ, ఇద్దరినీ సరైన గేటు దగ్గర దించాడు.

నీతి: ఒంటరి సుఖం తోటివారిని వెనక వదిలేస్తే, అది చేర్చిన చోట మనం ఆగిపోవాల్సిందే.

ఈ పెట్టెను తప్పుపట్టడానికి ఈ కథ చెప్పలేదు. మోకాళ్ళు సహకరించని మనిషి తన చేత్తో తాను ఒక వాహనం నడుపుకోగలిగితే కలిగే ధైర్యం చాలా పెద్దది. దాన్ని తక్కువ చేయకూడదు. కానీ దీనిమీద సీటు ఒక్కటే. మన అమ్మానాన్నల్లో చాలామంది అమెరికా ప్రయాణంలో వీల్‌ఛెయిర్ అడిగేది కాళ్ళు లేవక మాత్రమే కాదు. భాష రాదు, గేటు తెలియదు, ఇమ్మిగ్రేషన్ అధికారికి ఏం చెప్పాలో తెలియదు. వాళ్ళకు కావలసింది వెంట ఒక మనిషి. ఆ పని ఏ మోటారూ చేయదు.

బ్యాటరీ సంగతీ మనసులో పెట్టుకోవలసిందే. లిథియం బ్యాటరీలో ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌నీ అంటిస్తుంది. విమానం అడుగున సామాన్ల గదిలో మంటలార్పే వాయువు ఉన్నా, దానికి ఈ మంట తేలిగ్గా లొంగదు. కేబిన్‌లో అయితే సిబ్బంది కంటపడుతుంది, నీళ్ళు పోసి చల్లార్చగలరు. అందుకే బ్యాటరీ మనిషి దగ్గరే ఉండాలంటారు. 2018 జనవరి నుంచి అమెరికన్, డెల్టా, అలాస్కా విమాన సంస్థలు బ్యాటరీ ఊడని స్మార్ట్ పెట్టెలను తీసుకోబోమన్నాయి. అలాంటి పెట్టెలే అమ్మిన అమెరికా కంపెనీ బ్లూస్మార్ట్ ఆ ఏడాది మే నెలలో మూతపడింది. ఫోనుతోనే తాళం వేసి, తూకం, ఆచూకీ తెలుసుకునే వీలున్న పెట్టె వాళ్ళది. ఊడదీసే వీలు ఒక్కటి లేకపోయింది.

దారి కూడా అందరిదీ. 2024లో జపాన్‌లోని ఒసాకాలో ఫుట్‌పాత్ మీద ఇలాంటి పెట్టె నడిపినందుకు ఒక విదేశీ విద్యార్థిని మీద లైసెన్సు లేకుండా వాహనం నడిపినట్టు కేసు పెట్టారు. అక్కడి చట్టం దృష్టిలో అది పెట్టె కాదు, మోటారు బండి. ఆ దేశంలోని కన్సాయ్ విమానాశ్రయం తన ఆవరణలో వీటిని నడపవద్దని ప్రయాణికులను కోరింది. నడిచేవాళ్ళలో చంటిబిడ్డలుంటారు, కర్ర ఊతంతో నడిచే పెద్దవాళ్ళుంటారు. వాళ్ళ పక్కనుంచి 13 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోవడం ఎవరికైనా భయమే.

తల్లిదండ్రులకు ఈ పెట్టె కొనిపెట్టాలనుకునే పిల్లలు కొనే ముందు బ్యాటరీ చేత్తో ఊడుతుందా, 100 వాట్-అవర్ల లోపే ఉందా, ఖాళీ పెట్టె బరువు ఎంత అన్నవి చూడండి. విమాన సంస్థను అడిగి తెలుసుకోండి. బ్యాటరీ తీయడం నాన్నకే కాదు, అమ్మకూ నేర్పండి. వీల్‌ఛెయిర్‌కి మాత్రం టిక్కెట్టు తీసుకునేటప్పుడే చెప్పి ఉంచండి.