పలక మీద కనబడని నమ్మకం

పసిపిల్లలకు ఆటే చదువని నమ్మే టీచరు రోజంతా వాళ్లచేత అఆలు దిద్దిస్తుంటే, దాన్ని నమ్మకం అనవచ్చా? ఆచరించనిది నమ్మినట్టు కాదని తేల్చేయడం తేలికే. నాకు మాత్రం ఆ తీర్పు తొందరపాటుగా తోస్తుంది. అమెరికాలో ఎన్‌ఏఈవైసీ అనే పసిపిల్లల విద్యా సంఘం 1987లో, ఎదుగుదలకు తగిన బోధన ఎలా ఉండాలో రాసిపెట్టింది. తర్వాత లూసియానా పరిశోధకులు చార్లెస్‌వర్త్, బర్ట్స్, హార్ట్ తదితరులు కిండర్‌గార్టెన్ టీచర్ల నమ్మకాలనూ, తరగతిలో చేయించే పనులనూ పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటికీ పొంతన ఉంది, కానీ పూర్తిగా కాదు. ఆ తేడాకు కారణాన్ని టీచరు మనసులోనే వెతికితే దొరకదు.

మన అంగన్‌వాడీ టీచరునే చూడండి. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ అనే శిశు అభివృద్ధి పథకంలో ఆమెది చదువు పని ఒక్కటే కాదు. గుడ్లు పంచాలి, బరువులు తూయాలి, వివరాలు ఫోన్‌లో ఎక్కించాలి. మిగిలిన వేళలో చింతగింజలు కుప్పలు పోయించి ఏది పెద్దదని అడిగితే, పిల్ల లెక్కపెడుతుంది, తప్పుతుంది, మళ్లీ పేరుస్తుంది. అది అచ్చంగా లెక్కల పాఠం. ఇంటికెళ్లే వేళకు గింజలు డబ్బాలోకి వెళ్లిపోతాయి. తల్లికి చూపడానికి ఏమీ మిగలదు. పలక మీద అక్షరమైతే కళ్లకు కనబడుతుంది. పక్కింటి ఎల్‌కేజీ పిల్లాడు హోంవర్కు చేస్తుంటే ఆ తల్లి ఆరాటపడటంలో తప్పులేదు. టీచరు పలక అందుకునేది నమ్మకం లేక కాదు, రుజువు చూపే భారమంతా తన మీదే పడినందుకు.

ఆటే చదువనడం పాశ్చాత్య సరుకనీ, బాసరలో బియ్యంలో వేలు పట్టి దిద్దించే సంప్రదాయానికి విరుద్ధమనీ కొందరంటారు. అక్షరాభ్యాసం చదువుకు శుభారంభమే గాని, మర్నాటి నుంచి కాపీలు నింపించమన్న ఆజ్ఞ కాదు. వేదాంతం కూడా విషయం ఎత్తుకునే ముందు ఈ బోధకు అధికారి ఎవరని, అంటే ఎవరు అందుకు సిద్ధంగా ఉన్నారని, విచారిస్తుంది. (ఆ విచారణ పేరుతోనే కొన్ని కులాలకు తలుపులు మూశారు. కాబట్టి ‘ఈ పిల్ల ఇంకా సిద్ధంగా లేదు’ అన్న మాటను ఇప్పటికీ అనుమానంగానే వినాలి.) ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటుంది: ఆట ఉన్నవాళ్ల విలాసమనీ, అక్షరాలు రాని పేదపిల్ల ఒకటో తరగతిలో వెనకబడుతుందనీ. నిజమే, ఒకటో తరగతి తొలిరోజే డిక్టేషన్ మొదలుపెడితే వెనకబడుతుంది. అయితే 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అంది. మారాల్సింది ఒకటో తరగతి కూడా. ఆటలో అక్షరానికి నిషేధమూ లేదు; కథ విన్న పిల్ల తన పేరెక్కడుందని అడిగితే చూపించాల్సిందే.

తల్లిదండ్రులారా, పలక చూపించమని అడిగే ముందు, ఇవాళ పిల్ల ఏం కనిపెట్టిందో టీచరును ఒక్క మాట అడగండి.